గట్టు పాటలో కుమ్మక్కు

గోదారి రెండు పాయలుగా చీలి మళ్ళీ ఒకటయ్యే చోట, రెల్లు దుబ్బులూ తుమ్మచెట్లూ పెరిగిన ఒక లంక ఉంది. అక్కడ మనుషుల కాపురం లేదు. జంతువులే ఊరు కట్టుకున్నాయి, జంతువులే తగువులు పెట్టుకునేవి, మళ్ళీ జంతువులే కూర్చుని తీర్చుకునేవి. ఆ లంక ప్రాణమంతా ఎగువ కొసన ఉన్న మట్టిగట్టులో ఉంది. ఏటా వరద ఎర్రనీరు వచ్చేలోపు ఆ గట్టుని ఎత్తు చెయ్యాలి. ఏ ఏడు చెయ్యకపోతే ఆ ఏడు కుందేళ్ళ బొరియలూ, ఉడతల కాపురాలూ, ఇసకలో పెట్టిన గుడ్లూ అన్నీ కలిసి సముద్రం దారి పడతాయి.

మట్టి తవ్వి ఎత్తగలిగిన కుటుంబాలు లంకలో మూడే మూడు. అడవిపంది బుల్లబ్బాయిది ఒకటి. పేరులో ఉన్న బుల్లితనం ఒంట్లో ఎక్కడా లేదు. ముళ్ళపంది నూకరత్నానిది ఇంకొకటి. ఆవిడ నడిస్తే గలగల, కోప్పడితే ఇంకా గలగల. మూడోది నక్క పానకాలుది. పేరుకి తగ్గట్టే మాట తియ్యన, లోపల మిరియాల ఘాటు.

పని ఎవరికివ్వాలో తేల్చడానికి తగ్గింపు పాట పెట్టేవారు. ఎవరు తక్కువ కూలికి చేస్తానంటే పని వాళ్ళది. కూలి చిలగడదుంపల్లో ఇచ్చేవారు. ఎండాకాలమంతా చిన్నా పెద్దా కలిసి కూడబెట్టిన దుంపలు ఉమ్మడిగా ఒకచోట పోసి ఉండేవి. కూలి పోగా మిగిలినవే వరద రోజుల్లో అందరికీ తిండి.

ఆ ఏడు పాటకి ఇసకపిట్ట రివ్వమ్మ కూడా వచ్చింది. చీలిన తోక, పొడుగాటి రెక్కలు, ముక్కు మొదట్లో ఎర్రటి మరక. దాని కోపం ఆ మరకలోనే కాపురముంటుందని లంకలో చెప్పుకునేవారు. చలికాలం రాగానే సముద్రాలు దాటి కంగారూల దేశానికి పోయేది, ఎండలు ముదిరేసరికి లంకకి వచ్చి ఇసకలో గుడ్లు పెట్టేది. ఈసారి పెట్టిన చోటు సరిగ్గా గట్టు కింద. గుడ్లని ఎత్తుకుపోనూ లేదు, వదిలి పోనూ లేదు.

ఊరి పెద్ద తాబేలు కూర్మారావు తాతయ్య. ఆయన రాయి మీదికి ఎక్కుతున్నంతసేపూ అందరూ ఓపిగ్గా చూశారు. ఎక్కాక గొంతు సవరించుకుని, "ఊఁ, కానివ్వండి. ఎవరెంత అడుగుతారు?" అన్నారు.

"ముప్ఫై కుప్పలు," అన్నాడు బుల్లబ్బాయి, ఎటో చూస్తూ.

ఉన్నవే ముప్ఫై కుప్పలు. కుందేళ్ళ చెవులు ఒక్కసారిగా వాలిపోయాయి.

"ముప్ఫైకా? నావల్ల కాదు బాబూ!" అంది నూకరత్నం. "మా పిల్లల గోళ్ళరిగిపోతే మళ్ళీ ఎవరిస్తారు? నలభై లేందే నేను మట్టి ముట్టను."

"ఉన్నవే ముప్ఫై కదా పిన్నీ! నలభై ఎక్కణ్ణుంచి తేవాలి?" అని అడిగింది ఒక ఉడత.

"అది మీరు చూసుకోవాలి, నన్నడుగుతావేంటి?"

అప్పుడు పానకాలు పెద్ద నిట్టూర్పు విడిచాడు. "అయ్యయ్యో, ఏం మాటలండీ అవి! పిల్లలున్న ఊరండీ ఇది. నాకు నష్టమే, అయినా పర్వాలేదు. ఇరవై ఏడుకి నేను చేస్తాను. ఏదో, మీ మొహాలు చూసి."

"పానకాలు బాబు మనసు వెన్నండీ!" అంటూ ముసలి కుందేలొకావిడ కళ్ళు తుడుచుకుంది. మిగతావాళ్ళు కూడా తలలూపారు. మూడు కుప్పలతో వరదంతా ఎలా గడుస్తుందో ఎవరూ పైకి అనలేదు.

"ఆగండి తాతయ్యా!" అంటూ రివ్వమ్మ రివ్వున వచ్చి రాయి మీద వాలింది. "మొన్నమొన్నటిదాకా ఇదే గట్టు ఏడు కుప్పలకి లేచింది. గట్టు పొడుగు పెరగలేదు. మట్టి రాయి కాలేదు. తవ్వే గోళ్ళూ అవే. కూలి ఒక్కటే ఇంత ఎలా పెరిగింది? ముందటేడు పాట బుల్లబ్బాయి మావయ్యకి, నిరుడు నూకరత్నం అత్తకి, ఈ ఏడు పానకాలు బాబాయికి! పందెం అన్నాక ఎవరో ఒకరు వరసగా రెండుసార్లు గెలవరా? ఇక్కడ గెలుపు వంతుల మీద తిరుగుతోంది. పాట మీరు పెట్టారు తాతయ్యా, పంపకం వాళ్ళు ముందే చేసుకుని వచ్చారు."

సభలో చిన్న కలకలం. బుల్లబ్బాయి చెవి గోక్కున్నాడు. నూకరత్నం ముళ్ళు గలగలమన్నాయి. పానకాలు మాత్రం నవ్వాడు.

"చూశారా అండీ! ఏడాదిలో మూణ్ణెల్లు కనబడి చెక్కేసే పిల్ల, మనకి లంక సంగతులు చెప్తోంది. అమ్మాయ్, కుమ్మక్కంటున్నావు. రుజువేదీ?"

"నేను ఎన్నాళ్ళుంటానో లెక్కేస్తున్నావా బాబాయ్? నా గుడ్లు ఆ ఇసకలో ఉన్నాయి. గుడ్లు ఎక్కడుంటే నేను ఆ ఊరిదాన్నే."

"ఊరిదానివే తల్లీ, కాదన్నానా? రుజువడిగాను."

రివ్వమ్మ దగ్గర రుజువు లేదు. అది ఒప్పుకోవాల్సి వచ్చేసరికి ముక్కు దగ్గరి మరక ఇంకా ఎర్రబడింది.

కూర్మారావు తాతయ్య తల కాస్త లోపలికి లాక్కుని ఆలోచించారు. "రుజువు లేకుండా మాట పడేస్తే తప్పమ్మా. అలాగని నువ్వడిగింది కొట్టిపారేసేదీ కాదు. రేపు పొద్దు నడినెత్తికి వచ్చేదాకా గడువిస్తున్నాను. రుజువు తెచ్చుకో, లేదా వేరే తవ్వేవాళ్ళని తెచ్చుకో. రెండూ లేకపోతే పాట పానకాలుదే."

రివ్వమ్మ అక్కణ్ణుంచి అటే పాయ దాటి పక్క లంకకి పోయింది. అక్కడ పందికొక్కుల వాడ ఉంది. తవ్వకంలో వాళ్ళని మించినవాళ్ళు గోదారి రెండు గట్ల మీదా లేరు.

"పనా? ఎందుకు చెయ్యం!" అన్నాడు పందికొక్కుల పెద్ద, మీసాలు దువ్వుకుంటూ. "ఎనిమిది కుప్పలిస్తే సుబ్బరంగా చేస్తాం. ఇంకా బేరమాడితే ఏడుకీ చేస్తాం. కానీ రాలేమమ్మా."

"చేస్తామంటారు, రాలేమంటారు. ఏంటి మావయ్యా ఇది?"

పెద్ద అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మీ నక్కా బుల్లబ్బాయీ వచ్చి చెప్పారు. మా లంక పని మాదేనంట, మీ లంక పని వాళ్ళదేనంట, ఎవరూ పాయ దాటకూడదంట. దాటితే మా బొరియలన్నీ తిరగేస్తానని బుల్లబ్బాయి బెదిరించాడు."

"ఈ ముక్క మా తాతయ్య ముందు చెప్తారా?"

"మాకూ పిల్లలున్నారమ్మా," అని పెద్ద బొరియలోకి జారుకున్నాడు. ఎంత పిలిచినా బయటికి రాలేదు.

తిరిగి వస్తూ రివ్వమ్మ ఎగువకి చూసింది. నీటి నడుమ సన్నటి ఎర్రటి చార. ఎక్కడో కొండల్లో వానలు పడ్డాయి. నేరుగా గూటికి పోయి గుడ్ల మీద వాలి, రెక్కలు ముడుచుకుని ఆలోచనలో పడింది.

చూసినవాళ్ళు ముగ్గురే, చేసినవాళ్ళూ ఆ ముగ్గురే. ముగ్గురూ నోరు మూసుకున్నంతకాలం ముగ్గురికీ లాభమే. మరి నోరెందుకు తెరుస్తారు? తెరవకపోతే ఎక్కువ నష్టమని అనిపిస్తే తెరుస్తారు. ఆ అనిపించడమే ఎలా? ఇలా తిప్పి తిప్పి ఆలోచిస్తుంటే దానికి తను చలికాలం గడిపే దేశం గుర్తుకొచ్చింది. ఎగిరి గంతేసినంత పని చేసింది, గుడ్లు కింద ఉన్నాయని ఆగింది.

మర్నాడు పొద్దెక్కుతూనే అది తాతయ్య దగ్గర ఉంది.

"తాతయ్యా, కంగారూల దేశంలో కుమ్మక్కంటే పెద్ద నేరం. అక్కడా రుజువు దొరకడం కష్టమే. అందుకని వాళ్ళొక పద్ధతి పెట్టుకున్నారు. కుమ్మక్కైనవాళ్ళలో ముందుగా వచ్చి 'చేశాం' అని ఒప్పుకుని, జరిగిందంతా చెప్పినవాళ్ళకి శిక్ష ఉండదు. ముందు చెప్పిన ఒక్కరికే! రెండోవాళ్ళు వచ్చి కాళ్ళ మీద పడ్డా ఆ మాఫీ రాదు."

"దొంగని వదిలెయ్యమంటావా?"

"ఒక దొంగని వదిలితే ముగ్గురి దొంగతనం బయటపడుతుంది. ఎవర్నీ వదలనంటే ముగ్గురూ మిగిలిపోతారు, మన దుంపలూ పోతాయి, పిల్లలూ పస్తులుంటారు. ఏది మేలో మీరే చెప్పండి."

తాతయ్య ఎగువన ఎర్రటి చార వంక ఓసారి చూశారు. "పిలు అందర్నీ," అన్నారు.

చాటింపు విని పానకాలు పకపకా నవ్వాడు. "కంగారూల పద్ధతి మన గోదారి లంకలో చెల్లుద్దేంటండీ?"

"కుమ్మక్కు ఇక్కడ చెల్లుతోంది కదా బాబాయ్! రోగం ఇక్కడ పుట్టినప్పుడు మందు ఎక్కడిదైతేనేం?" అంది రివ్వమ్మ.

సభ గొల్లుమంది. తాతయ్య కాలెత్తి ఆపారు. "వినండి. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నేను ఆ రెల్లు పొదలో కూర్చుంటాను. కుమ్మక్కైనవాళ్ళెవరైనా ఉంటే వచ్చి చెప్పుకోవచ్చు. ఎవరు ముందొచ్చారన్నది నాకనవసరం. ఎవరి నోట 'చేశాం' అన్న మాట ముందు పడిందో వాళ్ళకే మాఫీ. మిగిలినవాళ్ళు ఈ ఏడు పాటకి పనికిరారు. కూలి లేకుండా గట్టుకి మట్టి మొయ్యాలి."

ముగ్గురూ తుమ్మచెట్టు కిందికి చేరారు. రివ్వమ్మ పై కొమ్మ మీద వాలింది. దాక్కోలేదు. కావాలనే కనబడేట్టు కూర్చుంది.

"ఎవరూ నోరు విప్పకపోతే ఎవరికీ ఏం కాదు," అన్నాడు పానకాలు. "ఇక్కడే, ఒకరికొకరం కనబడుతూ కూర్చుందాం. పొద్దు దాటిపోతుంది."

"నేను చెప్పన్లే," అన్నాడు బుల్లబ్బాయి.

"చెప్తావని ఎవరన్నారు?" అంది నూకరత్నం. "నువ్వే ఎందుకు ఉలిక్కిపడుతున్నావు?"

"నేనెక్కడ ఉలిక్కిపడ్డాను? నీ ముళ్ళెందుకు చప్పుడవుతున్నాయి?"

"నాకు పుట్టుకతో వచ్చిన చప్పుడది!"

"ఇంతకు ముందు ఇంత లేదు."

పై కొమ్మ మీద రివ్వమ్మకి నాలుక తెగ దురద పెట్టింది.

కాసేపటికి పానకాలు బుర్రలో పురుగు తొలచడం మొదలుపెట్టింది. ఈ పంది తెలివితక్కువవాడు, భయపడి కక్కేస్తాడు. ముళ్ళపంది పిల్లలు గలది, వాళ్ళ కోసం కక్కేస్తుంది. వీళ్ళని నమ్ముకుని నేను మట్టి మొయ్యాలా? వీళ్ళిద్దరికంటే తెలివైనవాణ్ణి, ముందుండాల్సింది నేనే కదా!

పానకాలు మెల్లిగా లేచాడు. "మీరిద్దరూ ఒకర్నొకరు కనిపెట్టుకుని ఉండండి. ఆ ముసలాయన పొదలో ఏం చేస్తున్నాడో నేను చూసొస్తా."

"మరి నిన్నెవరు కనిపెట్టుకుంటారు?" అని అడిగాడు బుల్లబ్బాయి.

పానకాలు వినబడనట్టు చెట్టు మలుపు తిరిగాడు. తిరిగాక పరుగందుకున్నాడు. బుల్లబ్బాయి బుర్రలోకి ఏ విషయమైనా దిగడానికి టైము పడుతుంది. రివ్వమ్మ అప్పటికే పొద మీద వాలింది.

పానకాలు ఆయాసాన్ని దాచుకుంటూ తాతయ్య ముందు వంగి వంగి దణ్ణం పెట్టాడు. పొదలో అప్పటిదాకా అడుగుపెట్టినవాళ్ళు ఎవరూ లేరు. వాడే మొదటివాడు.

"తాతయ్యగారూ, ఒంట్లో బాగుంటోందా అండీ? ఈ ఎండలకి మీ డిప్ప వేడెక్కుతోందేమో."

"బానే ఉంది. చెప్పు."

"చెప్తానండి. నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడండి. పేరెందుకు లెండి. ఆయన ఒకవేళ, ఒకవేళే అనుకోండి, ఏదైనా ఒడంబడికలో ఉన్నాడనుకుందాం..."

"ఆయనంటే నువ్వేనా?"

"నేనని అనట్లేదండి. కాదనీ అనట్లేదు. ముందు ఆ ఒకాయనకి ఏమీ పోదని మీరు మాటిస్తే, అప్పుడు ఆయన ఎవరో ఆలోచించి..."

"మాట ఇందాకే ఇచ్చేశాను కదా. ముందు చెప్పినవాడికి శిక్ష లేదు."

"అది ఊరందరికీ ఇచ్చిన మాటండి. నాకు విడిగా ఒకటి ఇస్తే బాగుంటుంది. ఇంకోటి, వచ్చే ఏడు పాటలో ఆయనకి కాస్త..."

"బాబాయ్," అంది రివ్వమ్మ, ఇంక ఆపుకోలేక. "'చేశాం' అన్నది ఒక్క మాట. ఎంతసేపు?"

"ఉండమ్మాయ్! పెద్దాయనతో మాట్లాడేటప్పుడు ఒక మర్యాద ఉంటుంది. ఏమంటున్నానంటే తాతయ్యగారూ..."

పొద అవతల రెల్లు ఫెళఫెళా విరిగింది. బుల్లబ్బాయి దూసుకొచ్చి ఆగలేక తాతయ్యని దాటిపోయి, వెనక్కి తిరిగి, ఊపిరందక ఒకే గుక్కలో అరిచాడు. "చేశాం! ముగ్గురం కుమ్మక్కయ్యాం! ఏడాదికొకరు గెలిచేట్టు, మిగతా ఇద్దరం ఎక్కువడిగేట్టు! దుంపలు ముగ్గురం పంచుకునేట్టు! పక్క లంకోళ్ళని బెదిరించింది కూడా మేమే! పానకాలు చెప్పమన్నాడు, నేను బెదిరించాను! చేశాం, చేశాం, చేశాం!"

పానకాలు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

వెనకనుంచి గలగలలాడుకుంటూ నూకరత్నం వచ్చిపడింది. "చేశాం తాతయ్యా! నేను కూడా... అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా," అన్నారు తాతయ్య.

"అన్యాయమండీ!" అని పానకాలు గొంతు చించుకున్నాడు. "ముందొచ్చింది నేను! ఈ పిట్టే సాక్షి! చెప్పు రివ్వమ్మా, ముందు నేను రాలేదూ?"

"వచ్చావు బాబాయ్. దణ్ణం పెట్టావు, ఆరోగ్యం అడిగావు, బేరం పెట్టావు. చెప్పడం ఒక్కటే మర్చిపోయావు."

ఊరంతా రెల్లు పొద చుట్టూ మూగింది. జరిగింది విని ఊరు అట్టుడికిపోయింది. "ఇన్నేళ్ళు మా నోట్లో మట్టి కొట్టిన ఈ పందిని వదిలేస్తారా?" అని ముసలి కుందేలు శివాలెత్తింది. నిన్న పానకాలుని మెచ్చుకుని కళ్ళు తుడుచుకుంది ఆవిడే. "అందరికంటే ఎక్కువ తిన్నది వీడే! వీడికి మాఫీనా?"

"వదలకండి, వదలకండి!" అని అందరూ అరిచారు. తాతయ్య కూడా తడబడ్డారు.

బుల్లబ్బాయి మొహం చూస్తే రివ్వమ్మకీ పొడవాలనిపించింది. అయినా రాయి మీదికెక్కి రెక్కలు చాపింది.

"నాకూ ఇష్టం లేదమ్మమ్మా. కానీ మాట ఇచ్చాం. ఇవాళ మనం ఆ మాట తప్పితే, రేపు ఇంకొకరు కుమ్మక్కైతే ఎవరు నోరు తెరుస్తారు? మాఫీ ఇచ్చేది వాడి మొహం చూసి అనుకుంటున్నారా? రేపు మనకి నిజం కావాలి. అందుకు ఇస్తున్నాం. ఊరికే కూడా ఇవ్వట్లేదు. తాతయ్యా, జరిగిందంతా చెప్పాలన్నది కూడా పద్ధతిలో భాగమే. పక్క లంకని బెదిరించిన నోటితోనే వెళ్ళి, ఇంక భయం లేదు, పాటకి రండని పిలవాలి."

"నేనా?" అన్నాడు బుల్లబ్బాయి.

"నువ్వే మావయ్యా. ఈతొచ్చుగా?"

ముసలి కుందేలు ఇంకా గొణుగుతూనే ఉంది కానీ అడ్డం పడలేదు. తాతయ్య తలూపారు. బుల్లబ్బాయి పాయలోకి దిగాడు.

సాయంత్రానికి పందికొక్కులు వాడ వాడంతా ఈదుకుంటూ వచ్చాయి. పాట మళ్ళీ మొదలైంది.

"ఎనిమిది," అన్నాడు పందికొక్కుల పెద్ద.

"ఏడు!" అన్నాడు బుల్లబ్బాయి. పాట నిజంగా పాడటం వాడికి అదే మొదలు, చెమటలు పట్టాయి.

"ఆరు. పైగా గట్టుకి అటువైపు గడ్డి కూడా నాటి పెడతాం."

బుల్లబ్బాయి నీళ్ళు నమిలాడు. "పోనీలే. వచ్చే ఏడు చూసుకుంటా. ఐదుకి పాడి మీ నోళ్ళు మూయిస్తా!"

"మేం కోరుకునేది అదే కదా మావయ్యా!" అని ఉడత అనేసరికి ఊరంతా పడీ పడీ నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో బుల్లబ్బాయికి అర్థం కాలేదు.

పందికొక్కులు తవ్వాయి. నూకరత్నం ముళ్ళ మీద మట్టిపెళ్ళలు గుచ్చుకుని గొణుక్కుంటూ మోసింది. పానకాలుకి ముళ్ళు లేవు, వీపు మీద మట్టి నిలవదు. అందుకని నోటితో కరుచుకుని మొయ్యాల్సి వచ్చింది. మధ్యలో ఆగి తాతయ్యతో ఏదో విన్నవించుకోబోయాడు. నోరు తెరిస్తే మట్టి కిందపడేది, పందికొక్కుల పెద్ద మళ్ళీ పెట్టేవాడు.

ఎర్రనీరు వచ్చింది. గట్టు అంచుదాకా లేచి, గడ్డిని తడిపి, పక్కకి తిరిగి పోయింది. ఇవతల ఇసకలో మొదటి గుడ్డు పగిలింది. పిల్ల తల బయటపెడుతూనే కీచుమని అరిచింది.

"నోరు నీదే వచ్చిందమ్మా," అన్నారు కూర్మారావు తాతయ్య.

రివ్వమ్మ పిల్లని రెక్క కిందికి తీసుకుంది. గట్టు మీద పానకాలు నోటినిండా తడిమట్టితో బరువుగా నడుస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు పలుకు లేకుండా గడిపిన మొదటి రోజు అదే.

నీతి: దొంగ లాభం దగ్గర కలిసిన చేతులు, తప్పించుకునే దారి ఒక్కరికే ఉందని తెలియగానే ఒకదాన్నొకటి వదిలేస్తాయి.